విమానంలో మనం పీల్చు గాలికి లెక్క చెప్పవలసినదెవరు?

విమానం టిక్కెట్టు కొనువారు అడుగు ప్రశ్నలు మనకందరికీ తెలిసినవే. సామాను ఎన్ని కిలోల వరకు తీసుకొనిపోవచ్చును, భోజనం హలాలేనా, కిటికీ ప్రక్క సీటు దొరకునా, దిగునప్పటికి అక్కడ ఎన్ని గంటలగును అని అడుగుదుము. తలుపులు మూసిన తరువాత నాలుగైదు గంటలపాటు మనం పీల్చబోవు గాలి ఎక్కడి నుండి వచ్చునని మాత్రం ఎవరమూ అడగము. ఇంటిలో కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న అవసరం లేదు, కిటికీ తెరచిన చాలును. 35 వేల అడుగుల ఎత్తున తెరచుటకు కిటికీ లేదు. అక్కడ గాలి కూడా ఒక యంత్రం తయారుచేసి ఇచ్చు సరుకే. సరుకు అనగానే దాని నాణ్యత ఏమి, దానిని పరీక్షించువాడెవడు, కల్తీ జరిగినచో బాధ్యుడెవడు అను మూడు ప్రశ్నలు వచ్చితీరును. నాణ్యతను గురించి చట్టాలలో కొన్ని మాటలు వ్రాసియున్నవి. పరీక్షించువాడూ బాధ్యుడూ ఎవరన్నది మాత్రం నేటికీ సరిగా తేలలేదు.

మన కళాశాల సంచికలో విమానాల ప్రసక్తి ఎందుకని కొందరు నవ్వవచ్చును. విమానం ధనవంతుల వాహనమై ఉన్న రోజులలో ఆ నవ్వుకు అర్థముండెను. నేడు మన తరగతులలో తండ్రి గానీ, అన్న గానీ, మేనమామ గానీ గల్ఫ్ దేశాలలో లేని విద్యార్థిని వెదకవలసియుండును. హైదరాబాదు హజ్ యాత్రికులు బయలుదేరు కేంద్రం. జీవితంలో మొదటిసారి విమానమెక్కు వృద్ధులు ప్రతి సంవత్సరం వేలకొలదిగా శంషాబాదు నుండి పోవుచున్నారు. అంతకు మించినది మరొకటి కలదు. మన విద్యార్థినీ విద్యార్థులలో కొందరు విమాన పరిచారకులుగా, మరమ్మతు పనివారుగా చేరవలెనని శిక్షణాలయాలకు ఫీజులు కట్టుచున్నారు. ప్రయాణికుడు ఆ గాలిని ఏడాదికి ఒకటి రెండు పర్యాయాలు పీల్చును. వీరు నెలనెలా, ఉద్యోగమున్నంత కాలం, పదుల గంటలు పీల్చవలెను.

ఉర్దూలో విమానాన్ని హవాయీ జహాజ్ అందురు, అనగా గాలి ఓడ. సముద్రంపై పోవు ఓడ ఉప్పునీటిలో తేలుచున్నను త్రాగు నీటిని వేరుగా ఏర్పాటు చేసికొనును. ఈ గాలి ఓడ మాత్రం తాను తేలుచున్న గాలినే తన ఇంజన్ గుండా లోనికి తీసికొని మనకు పంచును. ఆ పంపకం ఎట్లు జరుగునో కొంచెం వివరింపవలెను. తగవంతయు అక్కడనే ఉన్నది.

అంత ఎత్తున బయట గాలి లేకపోలేదు. అది పీల్చుటకు చాలనంత పలుచనిది, సున్నకు 50 డిగ్రీల దిగువన చల్లనిది. జెట్ ఇంజన్ ముందు భాగంలో గాలిని ఒత్తి చిక్కబరచు కంప్రెసర్ అను భాగముండును. అట్లు ఒత్తిన గాలి ఇంధనంతో కలసి మండకముందే, అందులో కొంత ప్రక్కకు తీసి, చల్లబరచి, ప్రయాణికులు కూర్చున్న గదిలోనికి పంపుదురు. దీనికి బ్లీడ్ ఎయిర్ అని పేరు. వైద్యుడు నరం నుండి నెత్తురు తీసినట్లు ఇంజన్ నుండి తీసిన గాలి అని దాని భావం. గదిలో ఒత్తిడి నిలుపునదీ, వెచ్చదనమిచ్చునదీ, మన ఊపిరికి ఆధారమైనదీ ఈ గాలియే. 1960లో ఎయిరిండియా ప్రవేశపెట్టిన బోయింగ్ 707 విమానాలలో గది కొరకు బయటి గాలిని ఒత్తుటకు వేరే కంప్రెసర్లు ఉండెను. తరువాత వచ్చినవారు బరువూ ఖర్చూ తగ్గునని వాటిని తీసివేసి, ప్రధాన ఇంజన్ నుండియే గాలి తీయుట ఆరంభించినారు. ఇంజనీరు దృష్టితో చూచిన అది చక్కని పొదుపే. ఒకే పొయ్యిమీద అన్నమూ, దాని ఆవిరితోనే కూరయూ వండినట్టి పొదుపు.

ఈ గాలి ఎంత ముఖ్యమైనదో మన దేశంలోనే ఒకసారి బయటపడినది. 2018 సెప్టెంబరు 20వ తేదీన ముంబాయి నుండి జైపూరు బయలుదేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో ఈ బ్లీడ్ గాలి మీటను వేయుట పైలట్లు మరచిరి. విమానం పైకి పోయినకొలది గదిలో ఒత్తిడి పడిపోయినది. 160కి మించిన ప్రయాణికులలో దాదాపు 30 మందికి ముక్కుల నుండియు చెవుల నుండియు రక్తం వచ్చినది. విమానాన్ని వెనుకకు త్రిప్పి క్షేమంగా దించినారు. మీట ఒకటి వేయకపోవుటవలన జరిగినదది. మీట వేసియున్నను వచ్చు ప్రమాదం వేరొకటి.

ఇంజన్‌లో తిరుగు ఇరుసుకు నూనె పోయవలెను. తిరుగు భాగానికీ నిలచియున్న భాగానికీ నడుమ సందు ఉండితీరును. ఆ సందు గుండా నూనె గాలివైపు పోకుండ ఆపునవి సీళ్ళు. ఇవి సీసామూతివలె బిగుసుకొని ఉండునవి కావు. చాలవరకు గాలి ఒత్తిడి ఆధారంగా పనిచేయునవి. ఇంజన్ స్టార్టు చేయునప్పుడు, వేగం హఠాత్తుగా మార్చునప్పుడు ఆ ఒత్తిడి తారుమారై కొద్దిపాటి నూనె జారుట కలదు. సీలు అరిగినచో, లేక మరమ్మతువారు నూనె ఎక్కువ పోసినచో, జారునది కొద్దిపాటి కాకపోవచ్చును. వందల డిగ్రీల వేడిలో ఆ నూనె ఆవిరియై, కొంత విచ్ఛిన్నమై, గాలితోపాటు గదిలోనికి చేరును. మురికి మేజోళ్ళ వాసన, తడిసిన కుక్క వాసన అని సిబ్బంది దానిని వర్ణింతురు. కొన్నిసార్లు తేలికపాటి పొగమంచువలె కంటికి కనబడును. తరచుగా ఏమియు కనబడదు.

2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు విమాన సంస్థలు తమ హెపా ఫిల్టర్లను గురించి గొప్పగా ప్రకటించుకొనినవి. ఆ ప్రకటన అబద్ధం కాదు. గదిలోని గాలిలో దాదాపు సగం మరల తిరుగు గాలి. దానిని ఆ ఫిల్టర్లు వడపోయును, సూక్ష్మజీవులను పట్టును. కాని హెపా జల్లెడ రేణువులను పట్టునదే గాని ఆవిరులను ఆపునది కాదు. ఇంజన్ నుండి నేరుగా వచ్చు మిగిలిన సగం గాలి చాల విమానాలలో ఆ జల్లెడ గుండా పోనేపోదు. ప్రకటన చదివినవారు గాలి అంతయు వడపోతకు గురియగునని అనుకొందురు. ఆ అపోహను తొలగించుటకు ఏ సంస్థయు తొందరపడినట్లు లేదు.

ఇక ఆ నూనెలో ఏమున్నదో చూతము. ఇంజన్ భాగాలు అరగకుండుటకై జెట్ నూనెలో సుమారు 3 శాతం ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అను రసాయనం కలుపుదురు. దీని రూపభేదాలలో ఆర్థో అనునది నరములకు విషం. ఈ సంగతి ప్రయోగశాలలో గాక ప్రజల శరీరాలపై ఋజువైనది. 1930లో అమెరికాలో మద్యానికి మారుగా త్రాగు అల్లపు సారంలో దీనిని కలుపగా వేలాదిమంది కాళ్ళు పడిపోయినవి. 1959లో మొరాకోలోని మెక్నెస్ నగరంలో జరిగినది మరింత ఘోరం. అమెరికా సైనిక విమాన స్థావరం వారు అమ్మివేసిన వాడని జెట్ ఇంజన్ నూనెను కొందరు వర్తకులు వంటనూనెలో కలిపి అమ్మినారు. చౌకగా దొరకునది కొనుక్కొన్న పేద కుటుంబాలవారు దాదాపు 10 వేలమంది పక్షవాతం పాలైనారు. 1988లో కలకత్తా సమీపంలోని బెహాలాలో ఇదే రసాయనం కలసిన వంటనూనె తిని వందలమంది కాళ్ళ బలం కోల్పోయినారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలెను. లేనిచో మేము భయపెట్టుచున్నామని పాఠకులు అనుకొనవచ్చును. మెక్నెస్ ప్రజలు ఆ విషాన్ని చెంచాలకొద్ది తిన్నారు. విమానంలో పీల్చునది అందులో ఏ వేలవంతో, లక్షవంతో. నేటి నూనెలలో ఆర్థో రూపాన్ని చాలవరకు తగ్గించినారు కూడా. కావున విమానమెక్కిన ప్రతివాడు విషం త్రాగుచున్నాడనుట అసత్యం. కాని నూనె వేడెక్కి విడిపోయినప్పుడు ఏర్పడు అనేక ఆవిరుల మిశ్రమాన్ని, పలుచని గాలిలో, ఏండ్ల తరబడి పీల్చు ఉద్యోగికి ఏమగునన్నది వేరు ప్రశ్న. ఆ ప్రశ్నకు మెక్నెస్ జవాబు కాదు. నూనె ప్రమాదరహితమని ఎవరైన అన్నప్పుడు జ్ఞాపకం చేయుటకు మాత్రం అది చాలును.

జరిగిన సంఘటనలు చూడుడు. 1999 నవంబరు 12న స్వీడన్‌లో స్టాక్‌హోం నుండి మాల్మో పోవు బి.ఎ.ఇ. 146 విమానంలో ఇద్దరు పైలట్లకూ తల తిరిగి, వికారం కలిగినది. ప్రాణవాయువు ముసుగులు ధరించి విమానాన్ని దించిరి. కలుషితమైన గాలియే బహుశః కారణమని ఆ దేశపు విచారణ సంఘం వ్రాసినది. 2010 డిసెంబరులో జర్మనీలోని కొలోన్ విమానాశ్రయంలో దిగబోవు ఒక విమానంలోనూ ఇట్లే జరిగినది. విమానాన్ని నడుపువారిద్దరూ ఒకే సమయంలో మత్తులో పడినచో వెనుక కూర్చున్న వందమంది గతి ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. విమానంలో ప్రతి ముఖ్యమైన పనికీ ఇద్దరిని పెట్టుదురు. ఒకరికి అస్వస్థత కలిగిన ఇంకొకరుందురని ధైర్యం. ఇద్దరూ పీల్చునది ఒకే గాలి అయినప్పుడు ఆ ధైర్యం నిలువదు.

దూరదేశాల సంగతులని త్రోసివేయుటకు వీలు లేదు. 2022 అక్టోబరు 12 రాత్రి గోవా నుండి హైదరాబాదు వచ్చుచున్న స్పైస్‌జెట్ క్యూ-400 విమానంలో, దిగు సమయానికి, గదినిండా పొగ కమ్ముకొనినది. లోపల 80 మందికి పైగా ఉండిరి. ముక్కులకు చేతిరుమాళ్ళు అడ్డంపెట్టుకొని, ఎదుటివారు కనబడని స్థితిలో కూర్చున్న ఆ ప్రయాణికుల చిత్రాలు మరునాటి వార్తలలో వచ్చినవి. శంషాబాదులో అత్యవసరంగా దించి అందరినీ బయటికి పంపినారు. విచారణలో తేలినదేమనగా, ఇంజన్ నూనె బ్లీడ్ గాలి మార్గంలో పడి చల్లదనమిచ్చు యంత్రాంగంలోనికి చేరినది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వెంటనే ఆ సంస్థ క్యూ-400 విమానాల ఇంజన్లన్నింటి నూనె నమూనాలను 15 రోజులకొకసారి కెనడాలోని తయారీదారుకు పంపి, లోహపు రజను, అరిగిన సీళ్ళ పొడి ఉన్నవేమో చూడవలెనని ఆదేశించినది. గాలి మార్గపు వాల్వుల వద్ద నూనె తడి ఉన్నదేమో పరిశీలింపవలెనని కూడ చెప్పినది.

ఆ ఆదేశం మెచ్చదగినదే. అది సరియైన చోటును తాకినది. అయితే పాఠకులు రెండు సంగతులు గమనింపవలెను. ఒకటి, ఆ సంఘటనకు ముందే, 2022 జూలైలో, అదే సంస్థ అదే రకం విమానం ఢిల్లీ నుండి జబల్‌పూరు పోవుచు, గదిలో పొగ రాగా వెనుదిరిగినది. వరుస సంఘటనల మీద డైరెక్టరేటు ఆ సంస్థ ప్రయాణాలను సగానికి తగ్గించినది. హైదరాబాదు సంఘటన జరిగినది ఆ ఆంక్ష అమలులో ఉండగానే. రెండు, పొగ కంటికి కనబడినది కావుననే ఈ విచారణ జరిగినది. కనబడని ఆవిరి వచ్చిన రాత్రి ఏమి జరుగును? పరిచారిక తలనొప్పితో ఇంటికి పోవును, మరునాడు మాత్ర వేసికొని డ్యూటీకి వచ్చును. విమానం కూడా వచ్చును.

శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. దానిని దాచుట మాకు ఇష్టం లేదు. ఆస్ట్రేలియా సెనేటు సంఘం 2000 సంవత్సరంలో బి.ఎ.ఇ. 146 విమానాల గాలిపై సుదీర్ఘమైన నివేదిక ఇచ్చి, సిబ్బంది ఫిర్యాదులను తేలికగా తీసికొనరాదన్నది. బ్రిటన్‌లో విషపదార్థాల నిపుణుల సంఘం 2007లో లెక్క వేసి, పైలట్ల నివేదికలను బట్టి నూటికి ఒక ప్రయాణంలోనూ, మరమ్మతువారు ధ్రువీకరించినవాటిని బట్టి రెండువేలకు ఒక ప్రయాణంలోనూ ఇట్టి ఆవిరులు వచ్చునన్నది. అదే సంఘం వ్యాధికీ గాలికీ సంబంధం ఋజువైనదని గాని, కాలేదని గాని తేల్చలేదు. క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు 100 ప్రయాణాలలో గాలిని కొలచి 2011లో ప్రకటించిన ఫలితాలలో ప్రమాణాలను మించిన కాలుష్యం కనబడలేదు. ఐరోపా విమాన భద్రతా సంస్థ 2017లో ప్రకటించిన అధ్యయనం, విమానంలోని గాలి మామూలు కార్యాలయాల గాలివలెనే, కొన్ని విషయాలలో మెరుగుగా, ఉన్నదన్నది. ఏరోటాక్సిక్ సిండ్రోమ్ అని కొందరు పిలుచు రుగ్మతను వైద్యశాస్త్రం ఇంకను ఒక వ్యాధిగా అంగీకరించలేదు.

ఈ అధ్యయనాలు చేసినవారి నిజాయితీని మేము శంకించము. మా అభ్యంతరం వేరు. వారు కొలచినది ఎక్కువగా మామూలు దినాలను. సిబ్బంది ఫిర్యాదు చేయునది మామూలుకాని దినాలను గూర్చి. వరద లేని దినాలలో మూసీ నీటిమట్టాన్ని నూరుసార్లు కొలచి, సగటున నది ప్రశాంతంగా ఉన్నదని చెప్పిన అది అబద్ధం కాదు. 1908 సెప్టెంబరు 28కి మాత్రం ఆ సగటు ఉపయోగపడదు. ఆ వరద తరువాత నాటి ప్రభుత్వం సగటు లెక్క చూచి ఊరుకొనలేదు. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, సలహా అడిగి, ఉస్మాన్ సాగరూ హిమాయత్ సాగరూ కట్టినది. విమానంలో వరద ఎప్పుడు వచ్చునో తెలియదు కావున దానిని కొలచుటకు ఒకే ఒక మార్గం ఉన్నది. కొలచు పరికరం ఎల్లప్పుడూ అక్కడనే ఉండవలెను.

ఆ పరికరం లేదు. ఇదే ఈ వ్యవహారంలో అన్నిటికంటె ఆశ్చర్యకరమైన సంగతి. అమెరికా విమాన నిర్మాణ నియమాలు గదిలోని గాలిలో హానికరమైన ఆవిరులు ఉండరాదని చెప్పుచున్నవి. కార్బన్ మోనాక్సైడ్ 20 వేల భాగాలలో ఒక భాగాన్ని మించిన ప్రమాదమని స్పష్టంగా అంకె వేసి చెప్పుచున్నవి. ఆ అంకె దాటినదీ లేనిదీ ప్రయాణంలో చూచు యంత్రం పెట్టవలెనని మాత్రం చెప్పుట లేదు. ఇంజన్ వేడిమికి గడియారముంది, నూనె ఒత్తిడికి గడియారముంది, మరుగుదొడ్డిలో బీడీ ముట్టించినచో మ్రోగు గంట ఉన్నది. ఇంజన్ నుండి గదిలోనికి వచ్చు గాలి నాణ్యతకు మాత్రం మనుష్యుని ముక్కే పరికరం. ముక్కుకు గల అలవాటు మనకు తెలియనిది కాదు. కొంతసేపు అదే వాసన పీల్చినచో దానిని గుర్తించుట మానివేయును.

మన వంటింటి గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారినచో ఇల్లాలు గుర్తుపట్టవలెనని కంపెనీవారే దానికి దుర్వాసన కలుపుదురు. అనగా వెయ్యి రూపాయల సిలిండరుకు హెచ్చరిక ఏర్పాటు ఉన్నది, వందల కోట్ల విమానానికి లేదు. హెచ్చరిక లేనిచో ఏమగునో విశాఖపట్నంవారిని అడుగవలెను. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ వెలువడినప్పుడు సైరన్ మ్రోగలేదు. నిద్రలో ఉన్నవారికి ముక్కు సహాయపడలేదు. 12 మంది మరణించినారు.

పరికరం లేకపోవుట వలన కలుగు అన్యాయం ఎవరిపై పడునో ఆలోచింపవలెను. జబ్బుపడిన ఉద్యోగిని, ఆనాటి గాలిలో విషముండెనని ఋజువు చూపుమందురు. గాలి విమానంతో పోయినది. కొలత తీసినవారు లేరు. రక్తపరీక్షతో నిర్ధారించు పద్ధతి సర్వసమ్మతంగా స్థిరపడలేదు. ఋజువు లేదు కావున జబ్బు మానసికమందురు. ఆస్ట్రేలియాలో ఒక విమాన పరిచారిక 1992లో పొగ పీల్చినది. ఆమె దగ్గుకు ఆ పొగయే కారణమని దేశపు అత్యున్నత న్యాయస్థానం వరకు పోయి గెలిచినది 2010లో. 18 సంవత్సరాలు పట్టినది. అంత కాలం, అంత ఖర్చు భరించి పోరాడుట ఎందరికి సాధ్యం? ఋజువు చేయవలసిన భారం పీల్చినవారిపై గాక, గాలిని ఇచ్చినవారిపై ఉండవలెనన్నది మా దృఢమైన అభిప్రాయం. పాలవాడు నీరు కలుపలేదని త్రాగినవాడు ఋజువు చేయవలెనని ఏ న్యాయమూ చెప్పదు.

పర్యవేక్షణ సంస్థలు తలచుకొనిన చేయలేనివి కావు. ఒకప్పుడు విమానంలో సిగరెట్టు కాల్చుట సర్వసాధారణం. పొగ త్రాగువారి వరుసలు వేరు, త్రాగనివారి వరుసలు వేరు. గాలికి మాత్రం వరుసలు తెలియవు. 1986లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఆ గాలిని పరిశీలించి నిషేధించవలెనన్నది. వ్యాపారం పడిపోవునని, ప్రయాణికులు ఒప్పుకొనరని వాదించినవారు లేకపోలేదు. 1988లో రెండు గంటల లోపు ప్రయాణాలలో, 1990లో ఆ దేశంలోని దాదాపు అన్ని ప్రయాణాలలో నిషేధం వచ్చినది. ఆ పోరాటంలో ముందు నిలచినవారు విమాన పరిచారికలు. వ్యాపారమూ పడిపోలేదు.

ఆ సంస్థల నిర్మాణంలోనే ఒక చిక్కు ఉన్నది. విమాన రంగాన్ని పెంపొందించవలసినదీ, దానిని అదుపులో ఉంచవలసినదీ ఒకే ఇంటివారైనచో రెండవ పని వెనుకబడును. అమెరికా విమాన సంస్థ చట్టం నుండి ప్రోత్సాహక బాధ్యతను తొలగించినది 1996లోనే. అయినను తయారీదారుకే పరీక్షల అధికారం అప్పగించిన ఫలితం 2018, 2019 సంవత్సరాలలో బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు రెండు కూలి 346 మంది మరణించినప్పుడు లోకానికి తెలిసినది. మన డైరెక్టరేటుకు 2020లో చట్టబద్ధమైన ప్రతిపత్తి లభించినది. 2025 జనవరి నుండి 1934 నాటి పాత చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం అమలులోనికి వచ్చినది. చట్టం పేరు మారినంత సులభంగా కుర్చీలు నిండలేదు. మంజూరైన ఉద్యోగాలలో దాదాపు సగం ఖాళీగా ఉన్నవని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆక్షేపించినది. విమానాలు ఏటేట పెరుగుచున్నవి. పరిశీలించు కన్నులు సగం. రెక్కలూ చక్రాలూ చూచుటకే చాలని కన్నులు గాలిని ఎప్పుడు చూచును?

సాంకేతికంగా అసాధ్యమన్న మాట కూడా నిలువదు. 2011లో రాకపోకలు ఆరంభించిన బోయింగ్ 787 ఇంజన్ నుండి గది గాలిని తీసికొనదు. విద్యుత్తుతో నడచు వేరే కంప్రెసర్లు బయటి గాలిని ఒత్తి పంపును. 707 నాటి ఆలోచన యాభై ఏండ్ల తరువాత కొత్త రూపంలో తిరిగివచ్చినదనవచ్చును. ఎయిరిండియా 2012 నుండి వీటిని నడుపుచున్నది. 2025 జూన్ 12న అహమ్మదాబాదులో కూలినది ఈ రకం విమానమే. ఆ దుర్ఘటనను ఈ విషయానికి ముడిపెట్టుట మా ఉద్దేశం కాదు. ఒక విషయంలో మెరుగైన యంత్రం అన్ని విషయాలలో నిర్దోషమని అనుకొనరాదనుటకే ఇక్కడ చెప్పితిమి. ఉన్న వేలాది విమానాలను ఒక్క దినంలో మార్చుట ఎవరివల్లను కాదు. వాటిలో గాలి వచ్చు గొట్టం వద్ద ఒక పరికరం అమర్చుట, ఆవిరులను కూడ పట్టు ఫిల్టర్లను పెట్టుట, సీళ్ళను గడువు మీరకముందే మార్చుట సాధ్యమే.

అంతకంటె ముందు లెక్క కావలెను. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే ఇట్టి సంఘటనలను గుర్తించి నివేదించు విధానంపై సిబ్బందికి శిక్షణ ఇవ్వవలెనని మార్గదర్శకాలు వెలువరించినది. అమెరికా 2024లో చేసిన చట్టంలో సిబ్బంది నివేదికలు స్వీకరించు ఏర్పాటు చేయవలెనని తన విమాన సంస్థను ఆదేశించినది. బ్రిటన్ వారి రెండువేలకొకటి అను అంకె మనకు వర్తించునో లేదో తేల్చవలెనన్నను మన అంకె మనకు కావలెను.

ఇందులో మన విద్యార్థులు చేయదగిన పని ఒకటి కలదు. కళాశాల కమిటీవారు దానిని ప్రోత్సహింతురని ఆశించుచున్నాము. 2005 సమాచార హక్కు చట్టం క్రింద ఏ పౌరుడైనను 10 రూపాయల రుసుముతో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాన్ని ప్రశ్నింపవచ్చును. 30 దినాలలో జవాబు రావలెను. సైన్సు సంఘం తరఫున ఒక విద్యార్థి తన పేరున పౌర విమానయాన డైరెక్టరేటుకు దరఖాస్తు పంపవచ్చును. అడుగవలసినవి ఇవి. 2022 అక్టోబరు తరువాత గదిలో పొగ, ఆవిరి, నూనె వాసన అని మన దేశంలోని విమాన సంస్థలు ఏటేట ఎన్ని సంఘటనలు నివేదించినవి? వాటిలో ఎన్నింటిలో నూనె లీకు ధ్రువపడినది? ఆ సంఘటన తరువాత అదే విమానాన్ని ఎన్ని గంటలకు తిరిగి ఎగురనిచ్చినారు? అస్వస్థులైన సిబ్బందిని ఏ వైద్యుడు, ఏ పరీక్షలతో చూచినాడు? గాలిని కొలచు పరికరం అమర్చవలెనని ఏ సంస్థకైనను ఆదేశమిచ్చినారా, ఇవ్వనిచో దానికి కారణం ఏ ఫైలులో వ్రాసియున్నది? జవాబు వచ్చినను, రాకున్నను, వచ్చు సంవత్సరపు సంచికలో దానిని తెలుగులోను ఉర్దూలోను ప్రకటించుటకు రెండు పుటలు కేటాయించవలసినదిగా సంపాదకవర్గాన్ని ఇప్పుడే కోరుచున్నాము.